రెండు వర్గాలు, మధ్యలో నాలుగడుగుల కాలువ

"మాది చిన్న ఊరు. మున్సిపల్ కౌన్సిల్లో రెండు వర్గాలు. మీటింగ్ పెడితే ఒక వర్గం రాదు, వస్తే కొట్లాట. పనులన్నీ ఆగిపోయాయి. పన్ను కట్టే మాలాంటివాళ్లం ఏం చేయాలి?" అని మీరు అడిగారు. ఓటుతో బుద్ధి చెప్పండి అని చాలామంది అంటారు. ఓటు అయిదేళ్లకోసారి వస్తుంది, మురుగు రోజూ పారుతుంది. అందుకని నేను పడ్డది చెప్తాను.

మాది అనంతపురం వైపు, ఉద్యోగం బెంగళూరులో. సిటీలో సైటు కొనే తాహతు లేక 2013లో సిటీ దాటాక ఒక పురసభ (కర్ణాటకలో చిన్న పట్టణాల మున్సిపల్ కౌన్సిల్) ఊళ్లో 30 బై 40 కొని ఇల్లు కట్టుకున్నాం. 2022 దాకా అక్కడే ఉన్నాం. ఊరి పేరు చెప్పను. ఆ ఇల్లు ఇప్పుడు అద్దెకిచ్చాను, వాళ్లకు నీళ్లు రావాలి కదా.

ఆ చుట్టుపక్కల సగం ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. కౌన్సిల్ మీటింగ్ కన్నడంలో మొదలవుతుంది, కోపం వచ్చాక తెలుగులోకి దిగుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు సొంతూరికి వచ్చినట్టే అనిపించింది, అబద్ధం ఎందుకు.

ముందు మీ ఊళ్లో చీలిక ఎక్కడ పుట్టిందో లెక్క వేసుకోండి. మా దగ్గర 2018 ఆగస్టులో పోలింగ్ జరిగింది. 23 వార్డులు. గెలిచినవాళ్లు దండలు వేయించుకుని, బాణసంచా కాల్చి ఇళ్లకు వెళ్లారు. అంతే, రెండేళ్లు. అధ్యక్ష పదవి ఏ కేటగిరీకి రిజర్వు చేయాలన్న తగాదా కోర్టుకెక్కడంతో కర్ణాటకలో మా ఊరిలాంటి ఊళ్లు చాలావాటికి 2020 చివరిదాకా అధ్యక్షుల్లేరు. అధికారే అడ్మినిస్ట్రేటర్. చివరికి ఎన్నిక తేదీ వచ్చేసరికి ఒక వర్గం మొత్తం నాలుగు రోజులు మాయం. చిక్కమగళూరు వైపు రిసార్టులో ఉన్నారని ఊరంతటికీ తెలుసు. ఓటింగ్ రోజు మినీ బస్సులో దిగారు, అందరి చేతుల్లో కాఫీపొడి పొట్లాలు.

కర్ణాటకలో ఈ ఎన్నికలో స్థానిక ఎమ్మెల్యేకీ, ఎంపీకీ కూడా ఓటు ఉంటుంది. అంటే మా దగ్గర మొత్తం 25. అధ్యక్షురాలు 13-12తో గెలిచారు. ఆ 13లో ఇద్దరు ఎమ్మెల్యే, ఎంపీ. వాళ్లు ఆ రోజు వచ్చి చేతులెత్తి వెళ్లారు, మామూలు మీటింగుల్లో నాకు మళ్లీ కనిపించలేదు. కాబట్టి మీటింగులో అధ్యక్షురాలి వైపు కూర్చునేది 11 మంది, ఎదుటివైపు 12 మంది. కుర్చీ వీళ్లది, మెజారిటీ వాళ్లది. అవిశ్వాసం పెట్టి దించాలంటే మూడింట రెండొంతులు, 17 చేతులు కావాలి. అవి లేవు. దించలేరు, నడవనివ్వరు. పీటముడి అక్కడ పడింది. అందరూ మంచివాళ్లే అయినా ఆ లెక్కతో మీటింగ్ సాగేది కాదు. మంచివాళ్లూ కారనుకోండి.

చిన్న ఊరు కాబట్టి ఇలా అనుకోకండి. 2015లో బెంగళూరు పాలికె, అంటే నగర కార్పొరేషన్ ఎన్నికల్లో 198 వార్డులకు బీజేపీకి 100 వచ్చాయి. అయినా ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీల ఓట్లు, స్వతంత్రులు తోడై మేయర్ పదవి కాంగ్రెస్, జేడీఎస్ కూటమికి పోయింది. మీది ఏ రాష్ట్రమో రాయలేదు. మీ చట్టంలో గెలవకుండానే ఓటున్నవాళ్లు ఎవరెవరు, అవిశ్వాసానికి ఎంతమంది కావాలి, ఈ రెండూ తెలుసుకుంటే మీ కౌన్సిలర్లు ఎందుకలా చేస్తున్నారో సగం అర్థమవుతుంది.

ఇక మా కాలువ సంగతి. మా వీధి రెండు వార్డుల హద్దు. ఎడమవైపు కౌన్సిలర్ అధ్యక్షురాలి వర్గం, కుడివైపు ఎదుటి వర్గం. 2021లో రెండువైపుల నుంచీ సిమెంటు కాలువ కట్టుకుంటూ వచ్చారు. మా గేటు ముందు కరెంటు స్తంభం దగ్గర ఇద్దరూ ఆగారు. మధ్యలో నాలుగడుగులు మట్టి గుంట. పైనుంచి వచ్చే మురుగంతా అందులో దిగి, నిండి, మా గడప దగ్గర పొంగేది. పక్కింటి అవ్వ పాత తలుపు చెక్క ఒకటి తెచ్చి గుంటమీద అడ్డంగా వేసింది. పాలకు వెళ్లాలన్నా, బడికి వెళ్లాలన్నా ఆ చెక్క మీదనే. వానాకాలంలో దాని కింద కొసన నాచు పట్టి, అడుగు పెడితే సర్రున జరిగేది. "ఆ పక్కోళ్లూ ఈ పక్కోళ్లూ కొట్లాడుకోనీ సామీ, నా కాలు ఇరిగితే ఎవురొస్తారు?" అనేది అవ్వ.

ఎడమవైపు కౌన్సిలర్ని అడిగితే, ఆ నాలుగడుగులు కుడివైపు వాళ్ల వార్డు అన్నాడు. కుడివైపాయన, మా పని మీటింగులో ఆమోదం కానివ్వట్లేదు అన్నాడు. సరే అని మీటింగుకే వెళ్లాను. జనం వెళ్లి కూర్చోవచ్చు, వెనక నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి, ఎవరూ రారు. ఆ రోజు 12 మందీ వచ్చారు, రిజిస్టర్‌లో సంతకాలు పెట్టారు, అజెండా కాగితాలు చించి గాల్లోకి ఎగరేశారు, బయటికి నడిచారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. నేను బయటికొచ్చేసరికి కానుగ చెట్టు కింద రెండు వర్గాలవాళ్లూ ఒకే పొట్లంలో వడలు తింటున్నారు. నాకు కోపం రాలేదు, ఆకలేసింది.

ఇక్కడ నేనొక తప్పు చేశాను, మీరు చేయకండి. ఎదుటి వర్గంవాళ్లు పురసభ ముందు ధర్నా చేస్తూ, "అన్నా, మీరూ వచ్చి కాలువ సంగతి రెండు మాటలు చెప్పండి" అని పిలిచారు. వెళ్లి మైకు పట్టుకున్నాను. మర్నాడు ఊళ్లో నేను ఆ వర్గం మనిషినైపోయాను. వారం తిరగకముందే మా వీధికి నీళ్లు గంట నుంచి అరగంటకు వచ్చాయి. వాల్వు తిప్పే మనిషిని అక్కడ నీరుగంటి అంటారు. ఆయన్ని అడిగితే, "నాకేం తెలుసన్నా, ఇంతే ఇడవమన్నారు" అని సైకిల్ ఎక్కాడు. ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడ రాజకీయం చేస్తున్నాడన్న మాట కూడా వచ్చింది, తెలుగులోనే.

ఆ తర్వాత ఒక రోజు కుడివైపు కౌన్సిలర్ మా ఇంటికి వచ్చి టీ తాగుతూ, గొంతు తగ్గించి అన్నాడు: "మీటింగ్ మినిట్స్ అడిగి ఏం చేస్తావన్నా? ఎడమపక్క పని ఎస్టిమేట్, ఎంబీ అడుగు." ఎంబీ అంటే మెజర్‌మెంట్ బుక్. ఎంత పొడవు, ఎంత లోతు పని జరిగిందో ఇంజినీరు కొలిచి రాసే పుస్తకం. బిల్లు దాన్నిబట్టే వస్తుంది. ఆ మాట నాకు ఆయన సాయం చేద్దామని చెప్పలేదు, అవతలివాణ్ణి ఇరికిద్దామని చెప్పాడు. నాకేం, మాట దొరికింది.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. మొదటిసారి రెండు పేజీల నా బాధంతా రాశాను, వెనక్కి వచ్చింది. కర్ణాటకలో ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి, 150 మాటలు దాటకూడదు. రెండోసారి అవ్వ మనవరాలు కన్నడంలో నాలుగు వాక్యాలు రాసిచ్చింది. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్. చట్టం చెప్పే గడువు 30 రోజులు, మాకు 40 పైన పట్టింది. వచ్చిన జిరాక్సుల్లో చూస్తే ఎడమవైపు పని స్తంభం దగ్గర ఆగలేదు! కాగితం మీద స్తంభం దాటి కల్వర్టు దాకా వెళ్లింది. ఆ నాలుగడుగులూ కట్టినట్టు కొలత రాశారు, బిల్లు కూడా అయిపోయింది. అంటే ఏడాదిగా మేమంతా వర్గపోరు వల్ల పని ఆగిందనుకుంటున్నాం. పనేమో కాగితం మీద ఎప్పుడో పూర్తయింది. కొట్లాటలో దుమ్ము రేగుతుంటే అందులో ఎవరో ఈ చిన్న పని చక్కబెట్టుకున్నారు.

ఆ జిరాక్సు, గుంట ఫోటో, వీధిలో 14 ఇళ్ల సంతకాలు తీసుకుని చీఫ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాం. ఈసారి మైకు లేదు, కౌన్సిలర్లెవరూ వెంట లేరు. రెండు వర్గాల ఓటర్లూ సంతకాలు పెట్టేట్టు చూసుకున్నాను, అవ్వే ఇంటింటికీ తిరిగింది. ఆయన కాగితం చూసి, ఫోటో చూసి, ఫ్యాన్ కొంచెం పెంచమని అటెండర్‌కి చెప్పాడు. ఎవరినీ ఏమీ అనలేదు. నాలుగో రోజు కాంట్రాక్టర్ మనుషులు ఇసుక, సిమెంటుతో దిగారు.

కాబట్టి మీ ఊళ్లో కూడా "పనులన్నీ" అనకండి. ఒక పని పట్టుకోండి. దాని ఫైలు ఎక్కడ ఆగిందో చూడండి: కౌన్సిల్ తీర్మానం దగ్గరా, పైఆఫీసు ఆమోదం దగ్గరా, టెండర్ దగ్గరా, బిల్లు దగ్గరా. తీర్మానం దగ్గర ఆగితేనే అది వర్గాల తగాదా. తాగునీరు, మురుగుకాలువల పనైతే ఇంకో మాట అడగండి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు చిన్న పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాల్సిన డబ్బు. మీ ఊరికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు అన్నది నాలుగు వాక్యాల్లో అడగొచ్చు. ఏ కాగితం అడగాలో తెలియకపోతే ఎవరి పని మీద అనుమానమో వాళ్ల ప్రత్యర్థిని అడగండి. సంతోషంగా చెప్తాడు.

చీలిన కౌన్సిల్ కంటే కౌన్సిల్ లేకపోవడమే నయం, ఎవరో ఒక ఐఏఎస్‌ని కూర్చోబెడితే చాలు అని నేనూ అనుకునేవాణ్ణి. 2022లో అమ్మాయి కాలేజీ కోసం బెంగళూరులోకి మారాం. ఇక్కడ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబర్‌లోనే అయిపోయింది. మేం వచ్చేసరికి కార్పొరేటర్ అనేవాడే లేడు. వార్డులను 243 చేశారు, మళ్లీ 225 అన్నారు, ఆ తర్వాత 2025 సెప్టెంబర్‌లో నగరాన్నే అయిదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. అన్నేళ్లూ నడిపింది అధికారులే. చెన్నైలోనూ 2016 అక్టోబర్ నుంచి 2022 ఫిబ్రవరి ఎన్నికల దాకా ఇదే కథ, అక్కడున్న మా తోడల్లుడు చెప్తుంటాడు. అధికారి మంచివాడే కావచ్చు. కానీ ఆయన మీద పళ్లు నూరుతూ, టీకి వచ్చి, గొంతు తగ్గించి "ఎంబీ అడుగు" అని చెప్పే ప్రత్యర్థి ఉండడు. నాకు ఆ ఊరి కొట్లాటే మేలనిపిస్తుంది. మా ఆవిడ ఒప్పుకోదు, అరగంట నీళ్లతో ఇల్లు నడిపింది ఆవిడ.

మా గేటు ముందు అతుకు దగ్గర ఎడమ కాలువ కంటే కుడి కాలువ రెండంగుళాలు ఎత్తు. పారిన నీరు అక్కడ కాసేపు తచ్చాడి వెళ్తుంది. అద్దెకున్నవాళ్లు మొన్న ఫోన్ చేసి, దాని గురించి ఎవరికి చెప్పాలన్నారు. అవ్వ నంబర్ ఇచ్చాను.