కాకి ముట్టని పిండం

సత్యనారాయణపురం, విజయవాడ

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. తాతగారు పోయిన ఇల్లు, మూడు పేజీల ఏడుపు. నీ దుఃఖం నిజమే, కానీ తాతగారే నాకు కనబడలేదు. రెండో పేజీలో ఒక్కచోట, ఆయన కట్టుడు పళ్లు గాజు గ్లాసులో నీళ్లలో అలాగే ఉండిపోయాయన్నావు. అక్కడ నా గుండె ఆగింది. నువ్వేమో మరుసటి వాక్యంలోనే వదిలేశావు!

‘సిక్స్ ఫీట్ అండర్’ అని ఒక అమెరికన్ సీరియల్ ఉంది, వీలు చేసుకుని చూడు. 2001 నుంచి 2005 దాకా హెచ్‌బీఓలో వచ్చింది, 63 ఎపిసోడ్లు. లాస్ ఏంజెలెస్‌లో అంత్యక్రియలు జరిపించడమే వృత్తిగా బతికే కుటుంబం కథ. మొదటి ఎపిసోడ్‌లోనే, క్రిస్మస్ ముందురోజు, కొత్త శవవాహనం నడుపుతున్న ఇంటిపెద్దను బస్సు గుద్దేస్తుంది. పోయినాయన మాత్రం ఇల్లు వదలడు. వచ్చి కొడుకుల ఎదురుగా కూర్చుంటాడు, దెప్పుతాడు, నవ్విస్తాడు. తెల్లచీరలూ పొగమంచూ ఏమీ ఉండవు, మామూలు మనిషిలాగే వస్తాడు. ఎందుకు నమ్ముతామంటావా? శవం పాడవకుండా మందు ఎక్కించడం, ముఖానికి రంగు దిద్దడం, శవపేటిక ధర చెప్పడం దగ్గర్నుంచీ పనంతా కళ్లకు కట్టినట్టు చూపించారు కాబట్టి. దాన్ని సృష్టించిన అలన్ బాల్‌కి 13 ఏళ్లప్పుడు కారు ప్రమాదంలో అక్క పోయింది. ఆ కారులో తనూ ఉన్నాడు. ఇన్నేళ్లయినా ఆ సీరియల్ పాతబడలేదంటే, చావింట్లో నవ్వొస్తే దాన్ని దాచకపోవడం వల్లేనని నా నమ్మకం.

మనకిది కొత్తేం కాదు. మా నాన్న పదో రోజున కృష్ణ ఒడ్డున పిండం పెట్టాం. కాకి గట్టుమీదే కూర్చుంది, ముట్టదు. ఎండ మాడుస్తోంది. “అన్నయ్యా, వదిన్ని మేం చూసుకుంటాం” అన్నాడు బాబాయి. కదల్లేదు. “చెల్లి పెళ్లి నా బాధ్యత” అన్నాను నేను. ఊహూఁ. అప్పటిదాకా నోరు మెదపని అమ్మ, “మీ రేడియో ఎవరికీ ఇవ్వన్లెండి” అంది. కాకి దిగింది. అందరం ఒక్కసారిగా నవ్వేశాం. ఆ నవ్వులోనే బాబాయి కూలబడి భోరుమన్నాడు. పది రోజుల్లో ఆయన ఏడవడం అదే మొదలు.

నీ కథలో చివరి పేజీ కొట్టెయ్. ఆ గ్లాసు దగ్గరికి వెనక్కి వెళ్లు. నీళ్లు ఎవరు పారబోశారు, ఎన్నాళ్లకి? పళ్లు ఏం చేశారు? తాతగారు వచ్చి వాటిని అడిగితే నానమ్మ ఏమంటుంది? రాసి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు