పిల్లల పార్కుకి వెళ్తే ముందు కింద నేల చూడండి

అమెరికాకి కొత్తగా వచ్చి శివార్లలో ఇల్లు వెతుక్కునే మనవాళ్లు స్కూల్ రేటింగు చూస్తారు, ఆఫీసు ఎంత దూరమో చూస్తారు, ఇండియన్ స్టోర్ ఎక్కడుందో చూస్తారు. పిల్లలు ఆడుకునే చోటు సంగతి లీజు మీద సంతకం పెట్టాక గానీ గుర్తురాదు. నన్నడిగితే మూడేళ్ల పిల్లలున్న ఇంటికి స్కూల్ రేటింగు కంటే ఇదే ముందు. స్కూలుకి ఇంకా టైముంది. సాయంత్రం ఐదయ్యేసరికి ఇల్లు పీకి పందిరేసే పిల్లాడు మాత్రం ఇవాళే ఉన్నాడు.

గూగుల్ మ్యాప్స్‌లో ప్లేగ్రౌండ్ అని కొడితే ఎక్కువగా పేరున్న పెద్ద పార్కులే ముందు వస్తాయి. ఇళ్ల మధ్య ఉండే చిన్నవాటికి ఒక్కోసారి పేరే ఉండదు. శాటిలైట్ వ్యూ పెట్టుకుని మీ వీధి చుట్టుపక్కల జూమ్ చేసి చూడండి, రంగురంగుల జారుడుబండలు పైనుంచే కనబడతాయి. సిటీ పార్కుల జాబితా, కౌంటీ పార్కుల జాబితా వేరువేరుగా ఉంటాయి కాబట్టి రెండు వెబ్‌సైట్లూ చూడాలి. ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే సంస్థ నడిపే పార్క్‌సర్వ్ మ్యాపులో అయితే ఏ ఇళ్లకు 10 నిమిషాల నడకలో పార్కు ఉందో తెలుస్తుంది. అయినా ఒకసారి స్ట్రోలర్ తోసుకుంటూ నడిచి చూసుకోవాల్సిందే. మ్యాపులో దగ్గరే ఉంటుంది, తీరా చూస్తే మధ్యలో ఆరు లేన్ల రోడ్డు, సైడ్‌వాక్ సగంలోనే ఆగిపోయి ఉంటుంది.

ఎలిమెంటరీ స్కూల్ వెనకాల ఉండే ప్లేగ్రౌండ్ని చాలామంది మనది కాదనుకుని వదిలేస్తారు. చాలా ఊళ్లలో బడి అయిపోయాక, శని ఆదివారాల్లో, అందరూ అక్కడ ఆడుకోవచ్చు. గేటు దగ్గర బోర్డు మీద టైములు రాసి ఉంటాయి, చదివి వెళ్లండి. కమ్యూనిటీ లోపల ఉండేవి హోమ్ ఓనర్స్ అసోసియేషన్‌వి, అంటే ఆ ఇళ్ల యజమానుల సంఘానివి, అక్కడ ఉండేవాళ్లకే. మీరు అద్దెకుంటే ఆ ప్లేగ్రౌండ్, స్విమ్మింగ్ పూల్ మీరూ వాడుకోవచ్చో లేదో, తాళం కార్డు ఎవరిస్తారో లీజుకి ముందే ఓనర్ని అడగండి. తర్వాత అడిగితే ఫోన్లు చేస్తూ తిరగడమే పని.

ఇక పార్కుకి వెళ్లాక మన కళ్లు జారుడుబండ ఎంత ఎత్తుందో, రంగులెంత బాగున్నాయో చూస్తాయి. నేను మాత్రం కిందికి చూడమంటాను. ప్లేగ్రౌండ్ దెబ్బల్లో ఎక్కువ భాగం పైనుంచి పడటం వల్ల తగిలేవే. పడ్డప్పుడు ఎంత దెబ్బ తగులుతుందన్నది కింద నేలను బట్టి ఉంటుంది. ఇక్కడి కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ పబ్లిక్ ప్లేగ్రౌండ్ల గురించి ఒక హ్యాండ్‌బుక్ వేసింది, ఉచితంగానే దొరుకుతుంది. గడ్డీ మట్టీ పడినవాళ్లను కాపాడే నేల కింద లెక్కకు రావని అందులో ఉంది. నేల మీద పరిచే చెక్కముక్కలు 9 అంగుళాల మందం ఉంటే 10 అడుగుల ఎత్తునుంచి పడ్డా కాస్త కాపాడతాయి. అదే 9 అంగుళాల ఇసుకైతే 4 అడుగుల వరకే.

మందం కొలవడానికి టేపు అక్కర్లేదు. ఉయ్యాల కింద, జారుడుబండ చివర బూటు మడమతో ఒకసారి తవ్వి చూడండి. పిల్లల కాళ్లు రాసుకుని రాసుకుని చెక్కముక్కలు చెదిరిపోయేది అక్కడే. అడుగున పరిచిన నల్లటి గుడ్డ బయటపడి, మధ్యలో గుంట పడి వాన నీళ్లు నిలిచాయంటే ఆ పార్కుని ఎవరూ పట్టించుకోవట్లేదని అర్థం. బోర్డు మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి చెప్పండి. కొత్తవాళ్లం, మనకెందుకులే అనుకోవద్దు, అద్దెకున్నా మీరు ఆ ఊరివాళ్లే. రబ్బరు నేల ఉన్నచోట ఈ బాధ లేదు గానీ టెక్సాస్, అరిజోనా ఎండల్లో అది కాలిపోతుంటుంది. ప్లాస్టిక్ జారుడుబండ కూడా అంతే, పిల్లల్ని ఎక్కించే ముందు చెయ్యి పెట్టి చూడాలి.

వయసు బోర్డు కూడా ఉంటుంది: ఎక్కి ఆడుకునే సెట్లు 2 నుంచి 5 ఏళ్లకు ఒకటి, 5 నుంచి 12కు ఇంకొకటి. మావాడు హుషారు, ఎక్కేస్తాడు అని రెండేళ్ల పిల్లాణ్ణి పెద్దదాని మీదకు ఎక్కించడం మనవాళ్లలో తరచూ చూస్తుంటాను. మెట్ల మధ్య ఎడం, కమ్మీల ఎత్తు అన్నీ ఆ వయసును బట్టి కట్టినవి. హుడీకి మెడ దగ్గర తాళ్లుంటే పీకేయండి, జారేటప్పుడు ఎక్కడైనా చిక్కుకుంటే గొంతుకు బిగుసుకుంటుంది.

అమ్మమ్మలూ తాతయ్యలూ ఇండియా నుంచి వస్తే వాళ్లకు తప్పకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని జారుడుబండ మీద జారొద్దు. పిల్ల బూటు జారుడుబండ పక్క అంచుకు పట్టేస్తుంది, వెనకున్న పెద్దవాళ్ల బరువేమో కిందకు లాగుతుంది, కాలు మెలిపడి విరుగుతుంది. ముద్దుగా చేసే పనే, ఇక్కడి పిల్లల డాక్టర్లకు మాత్రం బాగా తెలిసిన కేసు. ఒంటరిగా జారలేని పిల్లలైతే కింద నిలబడి చిన్న జారుడుబండ మీదే ఆడించడం మేలు.

నీడ, బాత్రూమ్, చుట్టూ కంచె: ఈ మూడూ ఉన్న పార్కు దొరికితే మరో మైలు దూరమైనా పర్వాలేదు. శివార్లలో చాలా పార్కుల పక్కనే వాన నీళ్ల చెరువు ఉంటుంది, పరుగెత్తే పిల్లలున్నవాళ్లకు కంచె లేకపోతే ప్రతి నిమిషం టెన్షనే. చలి రాష్ట్రాల్లో శీతాకాలం రాగానే పైపులు గడ్డకట్టకుండా నీళ్లు ఆపేసి, చాలాచోట్ల బాత్రూములకు తాళం వేస్తారు. వేసవిలో నీళ్లాట ఆడే స్ప్లాష్ ప్యాడ్లు చాలా ఊళ్లలో మెమోరియల్ డే (మే చివర) నుంచి లేబర్ డే (సెప్టెంబరు మొదట్లో) వరకే.

పిల్లల్ని ఒంటరిగా ఏ వయసు నుంచి పంపొచ్చు అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. యూటా 2018లో దీనిమీద తల్లిదండ్రులకు వెసులుబాటిచ్చే చట్టం చేసింది, అన్నిచోట్లా అలా లేదు. మన అపార్ట్‌మెంట్లలో లాగా కిందకెళ్లి ఆడుకోరా అని చిన్నపిల్లల్ని వదిలేయకండి. వేరేవాళ్ల పిల్లలు ఫోటోలో పడితే కొందరికి నచ్చదు, అదీ చూసుకోండి.

ఇల్లు ఖాయం చేసుకునే ముందు మామూలు రోజున, సాయంత్రం ఐదున్నరకి ఆ పార్కులో అరగంట కూర్చోండి. శనివారం కనబడే జనం పుట్టినరోజు పార్టీల వాళ్లు కావచ్చు. రోజూ వచ్చేవాళ్లెవరో మామూలు రోజునే తెలుస్తుంది. మీ పిల్లల ఈడు పిల్లలు నలుగురు అక్కడుంటే, వీసా వల్ల ఉద్యోగం లేక పగలంతా ఇంట్లో ఉండే ఆవిడకి నెల తిరిగేసరికి స్నేహితులు దొరుకుతారు, పిల్లల డాక్టరు ఎవరు బాగుంటారో, ప్రీస్కూల్ ఫీజులెంతో అక్కడే తెలుస్తాయి. మంచు పడే ఊరైతే నాలుగు నెలల పాటు సిటీ రిక్రియేషన్ సెంటరూ, లైబ్రరీలో పిల్లలకు కథలు చెప్పే కార్యక్రమమూ దిక్కు. రిక్రియేషన్ సెంటర్లలో ఊళ్లో ఉండేవాళ్లకు ఫీజు తక్కువ ఉంటుంది, చేరడానికి వెళ్లేటప్పుడు లీజు కాపీ గానీ కరెంటు బిల్లు గానీ వెంట తీసుకెళ్లండి.