కాగితాలు లేని స్నేహితుడితో ర్యాలీకి వెళ్లొచ్చా?

సందేహం: అక్కా, ఎంఎస్‌కని ఆగస్టులో షికాగో వచ్చాను. మా క్లాసులో ఒక మెక్సికో అబ్బాయి ఉన్నాడు. నాలుగో ఏట ఇక్కడికి వచ్చాడట, ఈ దేశంలో ఉండడానికి కాగితాలు లేవు. తను గే అని కూడా చెప్పాడు. తనలా కాగితాలు లేనివాళ్ల ర్యాలీకి రమ్మంటున్నాడు. వెళ్తే నా ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి ఇబ్బందా?

జవాబు: తమ్ముడూ, ర్యాలీ సంగతి తర్వాత. అతను నీకు రెండు రహస్యాలు చెప్పాడు, అవి నీ దగ్గరే ఉండనీ. నలుగురుండే మన రూముల్లో కుక్కర్ విజిల్ వేసేలోపు వార్త మూడు వాట్సాప్ గ్రూపులు దాటుతుంది. ఎవరైనా నోరు జారితే అతను పెరిగిన ఊరే వదిలి దేశం దాటాల్సి రావచ్చు.

ఈ ర్యాలీలకు మన షికాగోతో పాత చుట్టరికం ఉంది. 2010 మార్చి 10న ఇక్కడి ఫెడరల్ ప్లాజాలో కుర్రకారు మైకు పట్టుకుని, పేరు చెప్పి మరీ, తమకు కాగితాలు లేవన్నారు, భయమూ లేదన్నారు. అలా బయటపడి చెప్పుకోవడం గే, లెస్బియన్ ఉద్యమం నుంచి నేర్చుకున్నదే. ముందు నిలబడ్డవాళ్లలో గే, లెస్బియన్ వంటి క్వీర్ పిల్లలు చాలామంది. అదే ఏడాది మే 17న టూసాన్‌లో సెనేటర్ మెకెయిన్ ఆఫీసులో బైఠాయించినవాళ్లలో మొహమ్మద్ అబ్దొల్లాహి ఒకడు. గే, పుట్టింది ఇరాన్‌లో. అక్కడికి తిప్పి పంపితే ప్రాణానికే ముప్పని తెలిసే కూర్చున్నాడు.

2012 జూన్ 15న ఒబామా డాకా, అంటే చిన్నప్పుడే వచ్చి కాగితాలు లేకుండా పెరిగినవాళ్లను తిప్పి పంపకుండా ఆపే పథకం, ప్రకటించడం వెనక ఇలాంటి పిల్లల పట్టుదల ఉంది. ఆ రోజుకు చట్టబద్ధమైన స్టేటస్ లేనివాళ్లకే అది వర్తించింది కాబట్టి, హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద పెరిగి 21 నిండగానే ఆ స్టేటస్ పోగొట్టుకునే మన పిల్లలకు అందలేదు. విందుల్లో 'ఇల్లీగల్స్' అని తేలిగ్గా అనేసే మన పెద్దలకు ఈ సంగతి తమ ఇంటిదాకా వస్తేగానీ తెలియదు.

ఇక నీ విషయం. కాలిబాట మీద ప్లకార్డు పట్టుకోవడం నేరం కాదు. కానీ 2025లో నిరసనల్లో పాల్గొన్న కొందరు విద్యార్థుల వీసాలు రద్దు చేశారు, కాబట్టి ఏమీ కాదని నేను అనను. రోడ్డుకు అడ్డంగా కూర్చునే చోట, పోలీసులు కదలమన్న చోట మాత్రం ఉండకు. కేసు కొట్టేసినా సరే, రేపు గ్రీన్‌కార్డు ఫారంలో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్న ప్రశ్నకు అవుననే రాయాలి. ఖర్మకాలి పట్టుకుంటే, ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా కోర్టులో తప్పు ఒప్పుకోకు.

భయమేస్తే మానెయ్. జ్వరమనో పరీక్షలనో సాకులు చెప్పక, స్టేటస్ గురించి టెన్షన్‌గా ఉందని చెప్పెయ్, అతనికి అర్థమవుతుంది. ముందురోజు ప్లకార్డులు రాయడానికీ, అందరికీ తిండి చూడడానికీ కూడా మనుషులు కావాలి. పులిహోర కలపడం వచ్చా?