పాఠకుల ప్రశ్నలు: మంచు మీద బోర్డు, బోర్డుకి అంచు

ప్రశ్న (పాలకొల్లు): 2018 ఒలింపిక్స్‌లో అమెరికా స్నోబోర్డు క్రీడాకారిణి క్లోయీ కిమ్ హాఫ్‌పైప్ పోటీలో వరసగా రెండు 1080లు వేసిందని అంత గొప్పగా చెబుతారేమండి? ఒకసారి తిరిగినామె రెండోసారి తిరగలేదా?

జవాబు: గొప్పంతా ఆ రెండోదాన్లోనే ఉందండి. స్నోబోర్డంటే రెండు కాళ్లూ బిగించుకుని మంచు మీద జారే పలక. అది ఆడే హాఫ్‌పైప్‌ని, అంటే మంచుతో కట్టిన పొడవాటి గాడిని, వేసవిలో నీళ్లు కట్టేసిన పంటకాలువ అనుకోండి. ఇటు గట్టెక్కి గాల్లోకి లేచి, అదే గట్టు మీద దిగి, అటు గట్టుకి జారాలి. కాకపోతే ఈ గట్టు ఎత్తు 22 అడుగులు, పైకి పోయేకొద్దీ దాదాపు నిట్టనిలువు.

1080 అంటే 1080 డిగ్రీలు, మూడు నిండు చుట్లు. ఎడమ కాలు ముందుపెట్టి ఆడే అమ్మాయి గాల్లో అరచుట్టు తిరిగితే మళ్లీ ఎడమ కాలే ముందుగా దిగుతుంది. 540, 900లకీ అంతే. అదే 360, 720, 1080 లాంటి నిండు చుట్లయితే బోర్డు ముక్కు పైకే ఉండిపోతుంది. అంటే కుడి కాలు ముందుగా, వెనక్కి దిగాలి. దీన్ని స్విచ్ అంటారు. ఆ వెంటనే ఎదుటి గట్టు వచ్చేస్తుంది, దాన్నీ అలవాటులేని కాలుతోనే ఎక్కి మళ్లీ మూడు చుట్లు తిరగాలి. కుడిచేత్తో ముగ్గేసే మనిషిని అదే ముగ్గు, అదే వేగంతో ఎడమచేత్తో వేయమన్నట్టు.

ఎక్కడ చెడుతుందంటే గట్టు వదిలే క్షణంలోనే. తొందరపడి కాలువ లోపలికి తోసుకుంటే వాలు తప్పి, అడుగున చదును మీద పడతారు. ఆ దెబ్బంతా మోకాళ్లకే. గట్టు వైపు ఎక్కువ మొగ్గితే అంచుకి కొట్టుకుంటారు.

ఆ ఫైనల్లో మూడు పరుగుల్లో (కాలువ పైనుంచి కిందిదాకా ఒకసారి జారితే ఒక పరుగు) మెరుగైనదే లెక్క. ఆరుగురు జడ్జిల మార్కుల్లో ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగిలిన నాలుగింటి సగటు వేస్తారు. కిమ్‌కి మొదటి పరుగులో 93.75 వచ్చింది. రెండో పరుగులో ఈ 1080ల జంట కోసం ప్రయత్నించి పడింది. మూడో పరుగు మొదలయ్యేసరికే స్వర్ణం ఖాయమైపోయింది, ఊరికే జారుకుంటూ దిగిపోయినా అడిగేవాళ్లు లేరు. అయినా మళ్లీ అదే జంట వేసి నిలబడింది. 98.25! అప్పటికి ఆమె వయసు 17.

ప్రశ్న (నరసాపురం): స్నోబోర్డ్ క్రాస్‌లో గాల్లో విన్యాసం చేస్తే మార్కులు కలుస్తాయా?

జవాబు: కలవవు. అది దిబ్బలూ మలుపులూ ఉన్న మంచుదారిలో కొందరు ఒకేసారి జారే పందెం. గీత ముందు దాటినవాళ్లదే గెలుపు. గాల్లో ఎక్కువసేపు ఉంటే నష్టం కూడా. అందుకే దిబ్బ ఎక్కుతూనే మోకాళ్లు మడిచి, దిగుడు మొదలవగానే కాళ్లు చాపి బోర్డుని మంచుకి ఆనిస్తారు. పంటు రేవుకి తగిలేటప్పుడు మోకాళ్లు వదులు చేసి నిలబడతారు చూడండి, అదే పని.

2006 ట్యూరిన్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా క్రీడాకారిణి లిండ్సీ జాకబెలిస్ చాలా ముందుంది. చివరినుంచి రెండో దిబ్బ మీద గాల్లో బోర్డుని చేత్తో పట్టుకుంది, దిగేటప్పుడు అంచు తేడాపడి పడిపోయింది. వెనకున్న స్విట్జర్లాండ్ క్రీడాకారిణి టాన్యా ఫ్రీడెన్ దాటేసింది. జాకబెలిస్ పేరెత్తితే ఇప్పటికీ ఆ పడడమే చెబుతారు, అది అన్యాయం. 2022 బీజింగ్‌లో, 36 ఏళ్ల వయసులో, అదే పోటీలో స్వర్ణం గెలిచింది. చెప్పాల్సింది ఇది.

ప్రశ్న (అమలాపురం): మా అమ్మాయికి పద్నాలుగేళ్లండి. శీతాకాలంలో గుల్మార్గ్ తీసుకెళ్తున్నాం, స్నోబోర్డు నేర్చుకుంటానంటోంది. ఇక్కడ ఏం నేర్పి పంపాలి?

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. ముందు పడడం నేర్పండి. కొత్తవాళ్లకి ఎక్కువగా విరిగేది మణికట్టు, అరచేయి చాపి ఆనించడం వల్ల. సముద్రపు ఒడ్డున ఇసుకలో సాధన చేయించండి: ముందుకి పడితే పిడికిళ్లు బిగించి మోకాళ్ల మీదా ముంజేతుల మీదా, వెనక్కి పడితే గడ్డం ఛాతీకి ఆనించి, కూర్చున్నట్టుగా దొర్లాలి. రోజుకి ఇరవైసార్లు, నెల రోజులు. నాలుగంగుళాల పీవీసీ గొట్టం మీద గట్టి చెక్క పెట్టి, గోడ పక్కన, నిమిషం చొప్పున నిలబడే సాధన కూడా మంచిది.

కొండ మీద మొదటి పాఠం బోర్డు అంచే. వాలుకి అడ్డంగా ఉన్నప్పుడు ఎప్పుడూ పైవైపు అంచు మీదే బరువుండాలి. కిందివైపు అంచు ఏమాత్రం మంచులో గుచ్చుకున్నా బోర్డు టక్కున ఆగుతుంది, మనిషి విసిరేసినట్టు పడతాడు. తల నేలకి కొట్టుకునేది ఎక్కువగా ఇప్పుడే. హెల్మెట్, మణికట్టు గార్డులు లేకుండా ఎక్కనివ్వకండి. అద్దె బూటులో మోకాలు ముందుకి వంచినప్పుడు మడమ లేవకూడదు. లోపల మన నూలు బనియను వద్దు. చెమట పట్టి ఆరదు, వణుకు పుట్టిస్తుంది. గుల్మార్గ్ ఎత్తు సుమారు 2,650 మీటర్లు, మొదటి రోజు విశ్రాంతి ఇవ్వండి.

ప్రశ్న (అంతర్వేది): బోర్డు కొనితెచ్చాం. రెండు నెలలకే అంచులు తుప్పు పట్టాయి.

జవాబు: అంచు ఉక్కు, మీది ఉప్పుగాలి. పైపై తుప్పుని గమ్మీ స్టోన్‌తో (తుప్పు రుద్దే రబ్బరులాంటి రాయి) ముక్కు నుంచి తోక వైపు రుద్దండి. పొడిగుడ్డతో తుడిచి, స్నోబోర్డు మైనాన్ని ఇస్త్రీపెట్టెతో కరిగించి అడుగంతా, అంచుల మీదికి కూడా పూయండి. పెట్టెని ఒకచోట ఆపొద్దు, పొగ వస్తే వేడి ఎక్కువైనట్టే. ఆ మైనాన్ని గీకకుండా మళ్లీ మంచుకి వెళ్లేదాకా అలాగే ఉంచండి. కొబ్బరినూనె రాయకండి, దుమ్ము పడుతుంది. ప్లాస్టిక్ కవర్లో బిగించినా, రేకుల కింద అటక మీద పెట్టినా పాడవుతుంది. బైండింగులు (బూట్లని బోర్డుకి బిగించే పట్టీలు) విప్పి గదిలో గోడవారగా పెట్టండి.