మెంటర్ ఉన్నా పరిచయాలు దొరకడం లేదంటే

మూడు మీటింగుల తర్వాత మెంటర్ జవాబివ్వడం మానేశారంటే, బహుశా ఆయన చేతికి మీరు పనేమీ ఇవ్వలేదు. "రియల్ ఎస్టేట్ డెవలపర్ అవ్వాలంటే ఏం చేయాలి" అన్న ప్రశ్నకు ఎవరైనా ఎంతసేపని చెబుతారు?

1. ఒక నిజమైన స్థలం ఎంచుకోండి. కొననక్కర్లేదు.

2. ఒక్క పేజీలో లెక్క వేయండి. అద్దెలోంచి నిర్వహణ ఖర్చు పోగా ఏడాదికి మిగిలేదాన్ని మొత్తం ప్రాజెక్టు ఖర్చుతో భాగించండి. అది ఆ ప్రాంతపు క్యాప్ రేటు (అక్కడ అలాంటి భవనాల మీద ఏడాదికి మిగిలేదాన్ని వాటి అమ్మకపు ధరతో భాగిస్తే వచ్చేది) కంటే బాగా ఎక్కువ లేకపోతే ఆ స్థలం వదిలేయండి.

3. "ఇందులో తప్పెక్కడుంది?" అని మెంటర్‌ను అడగండి. తప్పులు పట్టమంటే ఎవరూ బద్ధకించరు!

4. పరిచయం కోసం మెయిల్ మీరే రాయండి. చాలామంది వదిలేసేది ఇదే. "ఇన్వెస్టర్లు తెలిస్తే చెప్పండి" అంటే వెతికే భారమంతా ఆయన మీద పడుతుంది. ఎవరి పరిచయం కావాలో ఆ మనిషిని మీరే ఎంచుకోండి. మెంటర్ యథాతథంగా ఫార్వర్డ్ చేయగలిగే ఐదు లైన్ల మెయిల్ రాసివ్వండి: మీరెవరు, ఏ స్థలం, ఎంత కావాలి, ఆ మనిషినే ఎందుకు, పదిహేను నిమిషాల సమయం. నాకు ఏడాదంతా రాని పరిచయాలు ఇలా రాయడం మొదలుపెట్టాకే వచ్చాయి.

మొదటి పరిచయం ఇన్వెస్టర్‌ది కాదు, గ్యారంటర్‌ది (మీ రుణానికి హామీ ఉండే మనిషిది) అడగండి. నిర్మాణ రుణానికి బ్యాంకులు సాధారణంగా వ్యక్తిగత హామీ అడుగుతాయి. కుటుంబ ఆస్తి లేనివాళ్ళం ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. అనుభవమున్న డెవలపర్‌కు వాటా ఇచ్చి, ఆ హామీ ఆయనతో పెట్టించవచ్చు. వాటా ఎంతన్నది లాయర్‌తో రాయించాకే సంతకం పెట్టండి.