కిట్ కంటే సెట్ ఖరీదు: అప్పు చేసి కొనాలా?

ప్రశ్న: టామియా కంపెనీ 1/350 స్కేల్ బిస్మార్క్ (జర్మన్ యుద్ధనౌక) ప్లాస్టిక్ నమూనా కిట్ కొన్నాను. దానికి అదనంగా అమర్చుకునే ఫోటో ఎచ్ (రసాయనంతో కోసిన పలచటి లోహపు ముక్కలు), ఇత్తడి ఫిరంగి గొట్టాలు, చెక్క డెక్ (నౌక పైభాగపు నేల) అన్నీ కలిపిన పెద్ద సెట్ ధర కిట్‌కు రెండింతలుంది. స్టాక్ అయిపోతోందంటున్నారు. క్రెడిట్ కార్డు వాయిదాల్లో తీసుకోవచ్చా? తర్వాత అమ్మితే పెట్టిన డబ్బు వస్తుందా?

జవాబు: రాదనే అనుకోండి. ఉత్పత్తి ఆగిపోయిన, సీలు విప్పని సెట్‌కైతే కొంత గిరాకీ ఉంటుంది. ఎచ్ షీటు నుంచి నాలుగు ముక్కలు కత్తిరించాక దాన్ని కొనేవారు దొరకరు. పూర్తయిన నౌకను అమ్ముదామన్నా, 72 సెం.మీ. పొడవున్న పెళుసు వస్తువును విరగకుండా పార్సిల్ చేయడమే పెద్ద తంటా. ఇది వినోదం పద్దులో రాయాల్సిన ఖర్చు, దానికి అప్పు వద్దు. వడ్డీ లేని వాయిదా అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో చూడండి. కట్టేసేదాకా కార్డు పరిమితిలో అంత భాగం ఇరుక్కుపోతుంది కూడా.

స్టాక్ గురించి కంగారు అక్కర్లేదు. ఎచ్ డ్రాయింగ్ తయారీదారు దగ్గరే ఉంటుంది, గిరాకీ ఉంటే మళ్లీ వేస్తారు. త్రీడీ ప్రింట్‌కు అచ్చు కూడా అవసరం లేదు. బిస్మార్క్ అంత పేరున్న నౌకకు ఒకరి సరుకు అయిపోతే ఇంకొకరిది ఉంటుంది. తొందరపడాలంటే ఎవరూ పట్టించుకోని నౌకల సెట్లకే పడాలి.

విడివిడిగా కొనండి. మొదట రెయిలింగులు. అసలు నౌకపై మీటరు ఎత్తున్న రెయిలింగ్ ఈ స్కేల్‌లో 2.9 మి.మీ. ఉంటుంది. ప్రధాన డెక్ రెండు పక్కలకే దాదాపు మీటరున్నర కావాలి; పై అంతస్తులు లెక్కేసి, దానిపై పదో వంతు అదనంగా తీసుకోండి. మిగిలింది వృథా కాదు, తర్వాత కట్టే ఏ 1/350 నౌకకైనా పనికొస్తుంది.

తర్వాత ఫిరంగి గొట్టాలు. రంధ్రం వ్యాసం ప్రకారం అసలు బిస్మార్క్‌కు 38 సెం.మీ.వి 8, 15 సెం.మీ.వి 12, 10.5 సెం.మీ.వి 16, మొత్తం 36. చాలామంది పెద్దవాటికే డబ్బు పెడతారు. నా లెక్క తిరగేసి ఉంటుంది. 38 సెం.మీ. రంధ్రం ఈ స్కేల్‌లో 1.1 మి.మీ., కిట్‌లో తొలిచి లేకపోతే చేతి డ్రిల్‌తో మీరే తొలచుకోవచ్చు. 10.5 సెం.మీ. రంధ్రం 0.3 మి.మీ. మాత్రమే. సన్నటి ప్లాస్టిక్ గొట్టం మీద అచ్చు గీత (అచ్చు రెండు భాగాలు కలిసిన చోట మిగిలే గీత) గీకేసరికి గుండ్రదనమే పోతుంది. ఇత్తడి కొంటే ఈ 16 కొనండి.

పెద్ద సెట్‌లో డబ్బు రెండుసార్లు పోయేది 20 మి.మీ. తుపాకుల దగ్గర. ఎచ్ అంటే పలచటి రేకు, అందులో తుపాకీ గొట్టం బల్లపరుపుగా కనిపిస్తుంది. అది నచ్చక త్రీడీ ప్రింట్‌వి మళ్లీ కొంటారు. సెట్ కొనేముందు అందులో మీరు నిజంగా వాడబోయే షీట్లెన్నో సూచనల పత్రం చూసి లెక్కపెట్టండి.

పనిముట్ల ఖర్చునూ కలపండి: వంచే బిగింపు, సూది మొన పట్టకారు, కొత్త బ్లేడ్లు, సూపర్ గ్లూ, మెటల్ ప్రైమర్. ప్రైమర్ మానేస్తే ఇత్తడి మీద రంగు పొరలుగా ఊడుతుంది. వంచిన మడతను విప్పి మళ్లీ వంచితే రేకు అక్కడే తెగిపోవచ్చు, విడి ముక్క అమ్మేవారు తక్కువ. ఎచ్ మీకు కొత్తయితే పెద్ద సెట్ వాయిదా వేయడానికి ఇదొక్కటే చాలు.

విదేశం నుంచి తెప్పిస్తే రవాణా, సుంకం కలిపాకే ధర తేలుతుంది. అన్నీ ఒకే ఆర్డరులో పెడితే రవాణా తగ్గుతుంది.

చెక్క డెక్‌ను ఆఖరుకు ఉంచండి. రంగుతోనూ పని జరుగుతుంది. టామియా కిట్‌కు కోసిన డెక్ ట్రంపెటర్ కంపెనీ బిస్మార్క్‌పై కూర్చోదు, రెవెల్ కంపెనీ దానిపైనా అంతే. కవరు మీద రాసిన కిట్ నంబరు మీ పెట్టె మీది నంబరుతో కలిస్తేనే డబ్బు కట్టండి.