తీర్మానం కాపీతో బోటు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో సముద్రం ఒడ్డున ఊరు. రామేశ్వరంలో ఉండే నా బావమరిదితో కలిసి 2023 సెప్టెంబరులో మరబోటు కొన్నాం. ఆరు లక్షలు బ్యాంకులో వేశాను, మూడు లక్షలు చేతికిచ్చాను. రిజిస్ట్రేషన్ అతని పేరునే ఉంది. 2025 జనవరిలో నెడుంతీవు దగ్గర శ్రీలంక నేవీ బోటును పట్టుకుపోయింది. అప్పులవాళ్ల టెన్షన్‌తో నిద్ర లేదు, అమ్మాయి పెళ్లి ఆగిపోయింది. మనకూ శ్రీలంకకూ మధ్య సముద్రంలో ఉన్న కచ్చతీవు దీవి మనదేనని తమిళనాడు అసెంబ్లీ తీర్మానం చేసింది కదా, ఆ కాపీ పెట్టి నెల్లూరు కోర్టులో బోటు కోసం కేసు వేయొచ్చా? బోటు నాదే అని 2023 తేదీతో స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాయించుకోమని తెలిసినాయన ఒకరు అంటున్నారు.

జవాబు: మీ ఉత్తరమంతా కచ్చతీవు చుట్టూ తిరిగింది. మీ కేసు మాత్రం ‘రిజిస్ట్రేషన్ అతని పేరునే ఉంది’ అన్న మాట దగ్గర ఉంది.

ముందు తీర్మానం సంగతి తేల్చేద్దాం. 2025 ఏప్రిల్ 2న తమిళనాడు శాసనసభ కచ్చతీవును వెనక్కి తెచ్చుకోవాలని కేంద్రాన్ని కోరింది. అంటే విన్నపమే. విదేశీ వ్యవహారాలు, ఒప్పందాలు రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో కేంద్ర జాబితాలో ఉన్నాయి. ఏ అసెంబ్లీ ఎంత ఏకగ్రీవంగా తీర్మానించినా సరిహద్దు గీత అంగుళం కదలదు. దేశ భూభాగాన్ని పరాయి దేశానికి ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ కావాలని సుప్రీంకోర్టు 1960లో బేరుబారి వ్యవహారంలో చెప్పింది. కచ్చతీవు శ్రీలంక వైపు పడేలా గీత గీసిన 1974 ఒప్పందంలో తాము ఏమీ ఇవ్వలేదని, తేలని సరిహద్దును తేల్చుకున్నామని కేంద్రం వాదన. దీని మీద 2008లోనే జయలలిత సుప్రీంకోర్టుకు వెళ్లారు. అంత పెద్ద తగవును మీ తొమ్మిది లక్షల దావాలోకి లాక్కొస్తే మొదటి వాయిదాకే జడ్జిగారికి విసుగొస్తుంది.

పైగా మీ బోటు దొరికింది నెడుంతీవు దగ్గర. ఆ దీవి శ్రీలంకదే, దాని మీద గొడవే లేదు. కచ్చతీవు రేపు మన చేతికొచ్చినా మీకు ఒరిగేదేమీ లేదు. ఒకరి జలాల్లో ఇంకొకరు వేట చేయకూడదని 1976లో రెండు దేశాలూ రాసుకున్నాయి కూడా.

బోటును అడిగే హక్కు రిజిస్టరైన యజమానిది. శ్రీలంక కోర్టులు యజమానిని కాగితాలతో హాజరవమంటాయి, రాకపోతే బోటు వాళ్ల ప్రభుత్వపరం అవుతుంది. మీ బావమరిది హాజరయ్యాడా, ఏం ఆర్డరు వచ్చింది? ఇన్నాళ్లలో ఈ ఒక్క ప్రశ్న మీరు అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. తొమ్మిది లక్షలు పెట్టి ఒక్క కాగితమైనా రాయించుకోకపోవడం మొదటి తప్పయితే, ఇది రెండోది.

ఇక ఆ పాత తేదీ అగ్రిమెంటు. దాని జోలికి పోవద్దు. స్టాంపు ఏ రోజు, ఎవరికి అమ్మారో రిజిస్టరులో ఉంటుంది. పాత తేదీ వేశారని తేలిన రోజు మీ డబ్బు సంగతి పక్కకుపోయి ఫోర్జరీ కేసు ముందుకొస్తుంది, సంతకం పెట్టిన బావమరిది కూడా అందులో ఇరుక్కుంటాడు. అది బయటపడకపోయినా నష్టమే. ‘బోటు నాదే, పేరు మాత్రం అతనిది’ అని రాసుకుంటే అది బినామీ అని మీరే ఒప్పుకున్నట్టు. బినామీ చట్టం సెక్షన్ 4 ప్రకారం అలాంటి దావా నడవదు. ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషి మీతో పాటు బోనెక్కడు లెండి.

అదే కాగితం ఇవాళ్టి తేదీతో, నిజం రాసి తీసుకోండి. ‘2023 సెప్టెంబరులో ఉమ్మడి వ్యాపారానికి ఫలానావారి దగ్గర తొమ్మిది లక్షలు తీసుకున్నాను, చెల్లించాల్సి ఉంది’ అని అతను సంతకం చేస్తే దావాలకు గడువు పెట్టే లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 కింద దావా వేయడానికి ఆ తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. కానీ గడువు దాటాక చేసిన సంతకం ఈ సెక్షన్‌కు అక్కరకు రాదు. ఫోనులో ‘ఇస్తాలే బావా’ అన్నది లెక్కలోకి రాదు. భాగస్వామ్యమని కోర్టు ఒప్పుకుంటే అది రద్దయిన నాటి నుంచి మూడేళ్లు, అప్పు అనుకుంటే డబ్బు ఇచ్చిన నాటి నుంచి మూడేళ్లు. కోర్టు దేన్ని నమ్ముతుందో జూదమాడకండి. 2026 సెప్టెంబరులో మీరు డబ్బు వేసిన తేదీలోగా సంతకమో, దావానో, ఏదో ఒకటి అయిపోవాలి.

అతను సంతకం పెట్టనంటే లాయరు నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. మీ ఆవిడకు కష్టంగానే ఉంటుంది, అయినా తప్పదు. బ్యాంకు బదిలీ నెల్లూరు నుంచి జరిగింది కాబట్టి ఇక్కడే దావా వేసే అవకాశం ఉంది. పట్టుబడిన బోట్లకు తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే సాయం కూడా యజమాని పేరునే వస్తుంది. అతనికి ఆ డబ్బు మంజూరై, మీకు దక్కకుండా చేస్తాడన్న ఆధారం ఉంటే, తీర్పు రాకముందే జప్తు చేయమని దావాతో పాటే అడగొచ్చు.

చేతికిచ్చిన మూడు లక్షలకు సాక్షి ఎవరు? ఆ రోజు పక్కనున్నవాళ్ల పేర్లు, వేట వాటాగా అతను మీకు పంపిన సొమ్ము కనబడే బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ వాయిస్ మెసేజీలున్న అసలు ఫోను తీసుకుని ఈ వారంలోనే ఒక సివిల్ లాయరును కలవండి. ఫోను మార్చకండి, మెసేజీలు చెరపకండి. ఫోనులోని మెసేజీలను కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, దానికి ఆ ఫోను కావాలి.